నొప్పి మాత్రకు, వాయిదాల మీద వీడ్కోలు

మహారాజశ్రీ నొప్పి మాత్ర గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలానికి ఢోకా లేదని తెలుసు. నా సంగతంటారా, తెల్లవారుజామున మూడున్నరకి లేచి కూర్చుని ఉత్తరం రాస్తున్నానంటే మీరే ఊహించుకోండి. అయినా ఇన్ని నెలలుగా ఒకే ఒంట్లో కాపురం చేస్తూ ‘మీరు’ అంటుంటే నాకే నవ్వొస్తోంది. నువ్వు అనేస్తాను, ఏమీ అనుకోకు.

నడుము ఆపరేషన్ తర్వాత నువ్వు, అంటే నల్లమందు జాతి (ఓపియాయిడ్) నొప్పి మాత్రవి, ఐదు రోజులకని వచ్చావు. చీటీ మీద అలాగే ఉంది. అబద్ధమెందుకు, ఆ ఐదు రోజులూ నువ్వు దేవుడివే. పక్కకి తిరగాలంటే మంచం అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టేవాణ్ణి. నువ్వు గొంతు దిగిన కాసేపటికి నొప్పి పూర్తిగా పోయేది కాదు గానీ, పక్కింట్లో ఎవరికో నొప్పెడుతున్నట్టు ఉండేది. ఐదు రోజులు పదిహేనయ్యాయి, పదిహేను మూడు నెలలయ్యాయి. ఒకటి చాలేది కాస్తా రెండైంది. ఏకు మేకవడం అని చిన్నప్పుడు పుస్తకంలో చదివాను, ఇప్పుడు ఒంటితో చదివాను.

నిన్నొక్కదాన్నే పిలిస్తే బలగంతో దిగావు. నోరు ఎండిపోవడం, ముక్కు దురద, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు. ఇక పేగుల సంగతి ఉత్తరంలో రాయకూడదు గానీ రాయక తప్పదు. నువ్వు మెదడులో తట్టే తలుపులే పేగుల్లోనూ ఉన్నాయట. నువ్వక్కడ తట్టగానే అవి పని ఆపేస్తాయి. మత్తు, వికారం కొన్నాళ్లకి ఒంటికి అలవాటై తగ్గాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, నువ్వున్నన్నాళ్లూ అదీ ఉంటుంది. దానికో మందు, ఆ మందు తెచ్చే కడుపు నొప్పికి ఇంకో మందు. నొప్పి తగ్గించుకోవడానికి ఒక్క మాత్ర వేసుకున్నవాణ్ణి, చివరికి మందుల డబ్బా కొనుక్కున్నాను.

నీ అసలు రంగు బయటపడింది మాత్రం ఒక ప్రయాణంలో. స్ట్రిప్ ఇంట్లో మరిచిపోయాను. సాయంత్రానికి ఒకటే ఆవులింతలు. కళ్లల్లో నీళ్లు, ముక్కు కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం. జలుబు చేసిందనుకున్నాను. రాత్రి పడుకుంటే కాళ్లు నా మాట వినవే! చాచితే ముడవాలనిపిస్తుంది, ముడిస్తే తన్నాలనిపిస్తుంది. మర్నాడు ఇంటికి రాగానే, నడుము కోసమే సుమా, నిన్ను మింగాను. గంట తిరక్కుండా జలుబు మాయం. గంటలో జలుబు తగ్గించే మందు లోకంలో ఉందా? అప్పుడొచ్చింది అనుమానం.

మెదడులో లోకస్ సెరూలియస్ అని ఓ చిన్న కణాల గుంపు ఉంది. ఒంటిని అప్రమత్తంగా ఉంచే నోరడ్రినలిన్ పంపకం దాని పని. నువ్వు రోజూ దాని నోరు నొక్కుతావు. నెలల తరబడి నోరు నొక్కితే అది ఇంకా గట్టిగా అరవడం నేర్చుకుంటుంది. నువ్వు చెయ్యి తీసిన రోజు ఆ అరుపే చెమట, వణుకు, గుండెదడ, టెన్షన్. దానికి తోడు పాత నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. చూశావా, మాత్ర లేకపోతే బతకలేనని మనిషి తనంతట తనే తీర్మానించుకుంటాడు. పైగా ఎక్కువకాలం వాడితే నొప్పిని ఇంకా ఎక్కువ చేసే గుణం కూడా నీకుందట. దొంగే ముందు నడిచి ‘దొంగ, దొంగ’ అని అరిచినట్టుంది నీ వ్యవహారం. ఇవాళ నొప్పెడుతోంది నా నడుమా, నువ్వా? నిజంగా తెలియడం లేదు.

నీ వంశమే అంత. మార్ఫిన్‌కి మంచి బదులు దొరికిందని బేయర్ కంపెనీ 1898లో మీ చుట్టాన్ని దగ్గు మందుగా అమ్మింది. దాని పేరు హెరాయిన్! ఉత్తరాలతో ఏమవుతుందిలే అని దీన్ని చులకనగా చూడకు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. మీ జాతి మందులిచ్చిన 11,882 మందిలో వ్యసనం కనబడింది నలుగురిలోనే అని. వాళ్లంతా ఆసుపత్రిలో ఉన్న రోగులన్న సంగతి చాలామంది మింగేశారు. 2017లో లెక్క తీస్తే దాన్ని 608 సార్లు ఉదహరించారని తేలింది, ఎక్కువమంది ‘వ్యసనం అరుదు’ అనడానికే. ఈ మధ్యలో 1996లో ఆక్సీకాంటిన్ అనే మీ జాతి నొప్పి మాత్ర బజారుకెక్కింది. అది తక్కువ అలవాటవుతుందని డాక్టర్లను నమ్మించిన నేరాన్ని 2007లో దాని కంపెనీ అమెరికా కోర్టులో ఒప్పుకుంది. నా ఉత్తరం ఎవరూ ఉదహరించకపోయినా ఫర్వాలేదు.

మా బంధువు ఒకాయన ‘మనోబలం ఉంటే ఒక్కరోజులో మానెయ్యొచ్చు’ అన్నాడు. ఆయన మనోబలం నమ్ముకుని ఒకసారి ఠక్కున ఆపేశాను. మూడో రోజు బాత్రూమ్ నేల మీద కూర్చుని, వాంతులకీ విరేచనాలకీ మధ్య, ఆయన్ని తలుచుకున్నాను. వారాల తరబడి రోజూ మింగితే ఎవరి ఒళ్లైనా ఇలాగే అలవాటు పడుతుందని, ఇందులో శీలానికి సంబంధించిందేమీ లేదని డాక్టరు చెప్పాకగాని సిగ్గు తగ్గలేదు. తనకి చెప్పకుండా ఆపినందుకు మాత్రం బాగా చివాట్లు పెట్టారు.

అప్పటినుంచి వాయిదాలు. ఉన్నదాంట్లో పదో వంతు తగ్గించడం, ఒళ్లు కుదుటపడే దాకా ఆగడం, మళ్లీ తగ్గించడం. (మెల్లగా కరిగే రకాన్ని మాత్రం ముక్కలు చేయకూడదు. రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లో పడుతుంది. డాక్టరు నన్ను ముందే మామూలు రకానికి మార్చారు.) కత్తిపీట అంత సీరియస్‌గా ఓ చిన్న బ్లేడు ముందు కూర్చుని నిన్ను ముక్కలు చేస్తుంటాను. ఒక ముక్క ఎప్పుడూ రెండోదానికంటే పెద్దదవుతుంది. పెద్దది రాత్రికి దాచుకుంటాను. బల్ల మీద రాలిన పొడి వేలికి అద్దుకుని నాకానని నీకు తప్ప ఎవరికీ తెలియదు.

మిగిలిన స్ట్రిప్పులు మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. అలవాటు తగ్గిన ఒంటికి పాత మోతాదు ఇస్తే ఊపిరే ఆగిపోవచ్చట. నువ్వు చివర్లో వేసే ఎత్తు అదేనని డాక్టరు ముందే చెప్పారు.

ఇట్లు,
నీ పావు వంతు మిత్రుడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తూ తొమ్మిదిసార్లు ఆవులించాను. నిద్ర మాత్రం రావడం లేదు. ఎనిమిదింటికి నీ ముక్క వాయిదా ఉంది, అప్పుడు కలుద్దాం.