అర మిల్లీమీటరు బోరింగ్

యాభై దాటాక మా బావగారికి వేగం పిచ్చి పట్టుకుంది. కాపురం సాల్ట్ లేక్ సిటీలో. బోనవిల్ ఉప్పు మైదానం అక్కడికి రెండు గంటల లోపు ప్రయాణం. 1949 నుంచి ఆ మైదానంలో స్పీడ్ వీక్ అనే బండ్ల వేగపు పోటీ జరుగుతోంది. నిబంధనలకు లోబడితే గ్యారేజీలో తయారైన బండినైనా ఆ ఉప్పు మీద పరుగెత్తించవచ్చు. పక్కింటి పెద్దాయన భాగస్వామిగా చేరాడు. ముందు ఇంజిన్ తేల్చుకోవాలన్నారు.

పెద్దాయన దృష్టిలో ఎనిమిది సిలిండర్ల వి8 కానిది ఇంజినే కాదు. బావగారు నలుగురికీ ఆదాయపు పన్ను లెక్కలు వేసిపెట్టే మనిషి. "వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి, గాలి అంత మొండిది. చిన్న ఇంజిన్‌తో చిన్న తరగతిలో పోటీ పడదాం" అన్నారు. అక్కడ ఇంజిన్ పరిమాణాన్ని బట్టి కూడా తరగతులు ఉంటాయి. 'జి' తరగతికి హద్దు 2.015 లీటర్లు, అంటే 2015 సీసీ. పాత హోండా ఇంజిన్ దొరికింది, 1998 సీసీ. మైదానం 4,200 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి గాలి పలచన, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉంటే మేలు. కానీ టర్బో పెడితే టర్బోలతోనే తలపడాలి. వద్దనుకున్నారు.

రేడియేటర్ గాలికి అడ్డమట, దాని బదులు మంచునీళ్ల తొట్టి పెడతారట. ఆ ప్రయోగాల పుణ్యమా అని అక్క ఫ్రీజర్‌లోని మునక్కాడలూ కొబ్బరి తురుమూ మా ఇంటికి వలస వచ్చాయి. ఉప్పు మీద చక్రాలు జారకుండా బండికి సీసం దిమ్మలు వేసి బరువు పెంచుతారని తెలిసిన రోజు నుంచి బావగారు ఉదయపు నడక మానేశారు.

తీరా విప్పి చూస్తే ఇంజిన్ సిలిండర్లకు గీతలు. షాపులో ఇచ్చి, గీతలు పోయేలా సిలిండర్లను లోపల చెక్కించి అర మిల్లీమీటరు వెడల్పు చేయించారు, దాన్నే బోరింగ్ అంటారు. తళతళలాడుతూ తిరిగొచ్చిన దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదం నములుతూ మా మేనల్లుడు కాగితం మీద ఏదో వేశాడు.

"నాన్నా, సిలిండర్ వెడల్పు 86 మిల్లీమీటర్లు 86.5 అయింది కదా. ఇప్పుడిది 2021 సీసీ."

హద్దు కన్నా ఆరు సీసీలు ఎక్కువ. చెంచాడు దగ్గుమందు. ఆ చెంచాడికి బండి 'ఎఫ్' తరగతిలో పడింది, అంటే పోటీ ఇక మూడు లీటర్ల ఇంజిన్లతో. డాలరు తేడా వస్తే ఫైలు తిప్పి పంపే బావగారు ఆ కాగితాన్ని తలకిందులుగా పెట్టి కూడా చూశారు. అంకెలు మారలేదు.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఎలాగూ పై తరగతికి వచ్చాం, దాదాపు లీటరు చోటు ఖాళీగా ఎందుకు?" అంటూ వారం తిరక్కుండా మూడు లీటర్ల వి6 మోసుకొచ్చాడు. పట్టు వదలని బావగారు హోండా సిలిండర్లకు లోపల కొత్త స్లీవులు, అంటే తొడుగులు, వేయించి మళ్లీ 86కు తెచ్చారు. ఇప్పుడు గ్యారేజీలో రెండు ఇంజిన్లు, అక్క కారు వీధిలో.

నిన్న అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఒరేయ్, ఈ రెండింటిలో బండికి ఏది పెడతార్రా?"

"బండి ఇంకా కొనలేదక్కా."