పాత తోట ట్రాక్టరుపై కొలువుదీరిన హైడ్రాలిక్స్ వారికి

నూనె ఒత్తిడితో బరువులెత్తే మహారాజశ్రీ స్వగృహ నిర్మిత హైడ్రాలిక్స్ వారి సముఖమునకు,

మీరు రాకముందు ఆ పాత తోట ట్రాక్టరు మీద ఒక లీవరు ఉండేది. దాన్ని వెనక్కి లాగితే మట్టిని నెట్టే బ్లేడు లేచేది, వదిలితే దిగేది. ఇంతటి మొరటు పని మనిషి చేయి చేయడం అవమానకరమని భావించిన యజమాని ఆ స్థానంలో ఒక పంపును, నూనె దారిని మళ్లించే రెండు స్పూళ్ల (లోపల జరిగే కడ్డీల) వాల్వును, సిలిండర్లను, నూనె ట్యాంకును, ఫిల్టరును, వాటన్నిటినీ కలిపే గొట్టాల మోపును ప్రతిష్ఠించారు. ఇప్పుడు బ్లేడు రెండు వేళ్లతో లేస్తోంది. దాని బరువు తగ్గలేదు; మోసే బండి బరువు మాత్రం పెరిగింది.

మీ వంశం గొప్పదే. మూసిన పాత్రలోని ద్రవంపై వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ తేల్చాడు. ఆ సూత్రం మీదే జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు. మీ గుణాలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ సమదృష్టే. కొత్త సిలిండరైనా, ఏ పాత యంత్రం నుంచో విప్పుకొచ్చిన గొట్టమైనా, నీళ్ల పైపుకు వాడే క్లాంపుతో బిగించిన అతుకైనా మీరు ఒకే ఒత్తిడితో పలకరిస్తారు, ఎవరు బలహీనులో మొదటి రోజే తేల్చేస్తారు. 2 అంగుళాల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరులో చదరపు అంగుళానికి 1,000 పౌండ్ల ఒత్తిడి ఉంటే సుమారు 3,140 పౌండ్ల, అంటే 1,400 కిలోలకు పైబడిన, బలం పుడుతుందని లెక్కగట్టి యజమాని మురిసిపోయారు. ఆ సిలిండరుకు రెండో కొస కూడా ఉంటుందనీ, అది ఆరు దశాబ్దాల నాటి చట్రానికి అతికి ఉందనీ, బ్లేడు రాయికి తట్టుకుని కదలనని మొండికేస్తే వంగవలసిన వంతు ఆ చట్రానిదేననీ ఆ లెక్కలో ఎక్కడా రాయలేదు.

ఇక మీ ఆహారం సంగతి. చదరపు అంగుళానికి 1,000 పౌండ్ల ఒత్తిడితో నిమిషానికి 5 గ్యాలన్ల నూనెను తోయాలంటే, నష్టాలను కలపకముందే దాదాపు 3 హార్స్ పవర్ కావాలి. 1961 నాటి తొలి కబ్ కేడెట్ తోట ట్రాక్టరు ఇంజను మొత్తం శక్తి 7 హార్స్ పవర్. అతిథిగా వచ్చిన మీరు అంత భోంచేస్తే, మిగిలిన దానితో ఆ బండి నడవాలి, మట్టిని నెట్టాలి, పాతకాలపు గౌరవాన్ని కూడా నిలబెట్టుకోవాలి. పైగా పంపును నేరుగా బెల్టుతో తిప్పుతున్నారు. సాధారణ గేరు పంపు షాఫ్టు పక్కకు లాగే బలాన్ని భరించడానికి పుట్టినది కాదు. పీల్చే గొట్టం సన్నబడితే పంపు కీచుమంటుంది. ఆ కీచును యజమాని శక్తికి నిదర్శనంగా పొరుగువారికి వినిపిస్తున్నారు.

మీ పరివారంలో నేను నిజంగా గౌరవించేది రిలీఫ్ వాల్వును. ఒత్తిడి హద్దు దాటినప్పుడు నూనెను తిరిగి ట్యాంకులోకి మళ్లించి మిగతా అందరి ప్రాణాలూ కాపాడేది అదొక్కటే. బ్లేడు మీది తడిమన్ను లేవనప్పుడల్లా, ఒత్తిడి కొలిచే గేజి కూడా లేకుండా, యజమాని దాని స్క్రూనే ఇంకో పావు చుట్టు బిగిస్తారు. తప్పు బ్లేడు మీది మట్టిది, శిక్ష వాల్వుది.

ఒక్క విషయంలో వ్యంగ్యం పక్కన పెడతాను. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే మీ నూనె కంటికి సరిగా ఆనదు గాని, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట్లో గాయం చిన్నదిగానే కనిపిస్తుంది, నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు. అయినా అది వెంటనే శస్త్రచికిత్స చేయవలసిన అత్యవసర స్థితి. కారుతున్న చోటును వేళ్లతో తడిమి చూసే అలవాటున్న వారికి దయచేసి ఒక అట్టముక్కను సిఫారసు చేయండి.

మీ నిలకడ గురించి కూడా ఒక మాట. పాత లీవరు ఇనుప పంటికి తగులుకుంటే ఎన్నాళ్లయినా అలాగే నిలిచేది. స్పూలు సందుల్లోంచి నూనె సన్నగా జారడం మీకు సహజం గనుక, సాయంత్రం ఎత్తి ఉంచిన బ్లేడు తెల్లవారేసరికి నేల మీద ఉంటోంది. పని ముగియగానే దాన్ని నేలకు దించి, ఇంజను ఆపి, వాల్వు పిడిని అటూ ఇటూ కదిపి మిగిలిన ఒత్తిడిని వదిలించడం పద్ధతి. మీరు ఆ పద్ధతిలో సగాన్ని ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నందుకు అభినందనలు.

తాజాగా స్టీరింగును కూడా మీకే అప్పగించాలని యజమాని ఆలోచిస్తున్నట్టు తెలిసింది. గొట్టం పగిలి బ్లేడు లేవకపోతే ఆ పూటకు పని ఆగుతుంది. వాలు మీద దిగుతుండగా గొట్టం పగిలి చక్రాలు తిరగకపోతే ఆగవలసింది ఆగదు. కాబట్టి ఆ క్లాంపులన్నీ పోయి, వాటి చోట ఆ ఒత్తిడికి తగిన గొట్టాలూ ఫిట్టింగులూ వచ్చేదాకా ఈ కొత్త పదవిని స్వీకరించవద్దని మనవి.

చిత్తగించవలెను,
ట్రాక్టరు పక్షాన ఒక శ్రేయోభిలాషి