మారేడుమిల్లి ప్లాన్ వేసే అన్నలూ, ముందు దిగే టైమ్ చెప్పండి

కార్తీకం వస్తే చాలు, మన కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో వనభోజనాల కబుర్లు మారేడుమిల్లి వైపు తిరుగుతాయి. తప్పేం లేదు. ఏటిగట్టుకు మించిన ఎత్తు చూడకుండా పెరిగినవాళ్లం, కొండంటే మోజు ఉంటుంది. నా గొడవంతా ఆ ప్లాన్ మీదే. ప్రతి గ్రూపులోనూ ఇదే మెసేజ్: "తెల్లవారుజామున మూడింటికి బయల్దేరదాం. రంప జలపాతం, మారేడుమిల్లి, గుడిసె కొండ, జలతరంగిణి, అమృతధార జలపాతాలు. టైమ్ ఉంటే చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లి రాముడి దర్శనం చేసుకుని, రాత్రికి ఇంటికి."

టైమ్ ఉంటేనట!

అమలాపురం నుంచి రాజమండ్రికే అరవై కిలోమీటర్ల పైమాట. అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి మరో ఎనభై పైన. "మొత్తం 150 కూడా లేదు, మూడు గంటల్లో ఉంటాం" అంటాడొక బావగారు. ఆయనది రావులపాలెం హైవే లెక్క. పైగా అసలు ఘాట్ మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్తేనే మొదలయ్యేది. అక్కడ కిలోమీటర్లతో పని లేదు, గంటలతోనే పని. మలుపు తిరిగామో లేదో ఇంకో మలుపు, దాంట్లోంచి ఎదురుగా లారీ, చలికాలం పొద్దున్నే అయితే పొగమంచు. ఇక గుడిసె అసలు ఆ రోడ్డు మీదే లేదు. అది పక్కకు పోయి, జీపుల్లో పైకెక్కి, సూర్యోదయం చూసే చోటు. దాన్ని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరికించేవాళ్లకు ఒక దండం.

నేను చెప్పేదొకటే. ప్లాన్ వెనక నుంచి వేయండి. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే అడవిలో చీకటి పడిపోతుంది. ఆలోపు ఘాట్ దిగి రంపచోడవరం చేరాలంటే మూడింటికల్లా బండి వెనక్కి తిరగాలి. అక్కడి నుంచి లెక్కేసుకుంటూ వస్తే, మీకు మిగిలేది ఘాట్ రోడ్డు, ఒక జలపాతం, ఒక పూట భోజనం. చాలదా? ఆ రోడ్డు చూడ్డానికేగా వెళ్తున్నది!

రెండో సంగతి డ్రైవర్ నిద్ర. మనం మూడింటికి ఎక్కాలంటే ఆయన ఒంటిగంటకో రెండింటికో లేవాలి. ముందురోజు పెళ్లి ట్రిప్పుకు వెళ్లి ఏ అర్ధరాత్రి ఇల్లు చేరాడో ఒక్కరైనా అడుగుతారా? పులిహోర ఎన్ని కేజీలు కలపాలన్న దాని మీద మాత్రం యాభై మెసేజ్‌లు. 2025 డిసెంబరులో యాత్రికుల బస్సు ఒకటి తెల్లవారుజామున ఇదే ఘాట్‌లో లోయలో పడింది. పేపర్లో అందరం చదివాం. నెల తిరక్కుండా మళ్లీ అదే "మూడింటికి బయల్దేరదాం". ఆరింటికి బయల్దేరితే ఏం పోతుంది, ఒక జలపాతం తగ్గుతుంది.

సొంత కారులో వెళ్లే కుర్రాళ్లకు కూడా ఒక మాట. మన దగ్గర చదును రోడ్ల మీద ఎంత బాగా తోలినా ఘాట్ డ్రైవింగ్ వేరు. పెట్రోలు ఆదా అంటూ న్యూట్రల్‌లో దించకండి. దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచాలి, అందుకే ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగమంటారు. అదేపనిగా బ్రేక్ తొక్కుతూ దిగితే అది వేడెక్కి, కావాల్సినప్పుడు పట్టదు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అది మర్యాద కోసం పెట్టింది కాదు, రూలే.

తిండి దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. బొంగు చికెన్ బొంగులో కాలడానికి టైమ్ పడుతుంది, వెళ్తూ చెప్పి వస్తూ తినండి. ఆడవాళ్లకు బాత్‌రూమ్ ఎక్కడ అన్నది మాత్రం ప్లాన్‌లో రాయండి మహాప్రభో. బాత్‌రూమ్ దొరకదేమోనని మా అత్తయ్యలు దారంతా గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుంటారు. సాయంత్రానికి తలనొప్పి. ప్లాన్ వేసేది మగవాళ్లయితే ఈ ముక్క ఎవరికీ తట్టదు.

జలపాతాల దగ్గర పైన వాన పడితే కింద నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. గోదారి పక్కన పుట్టాం, ఈత వచ్చు అనే ధీమా ఆ బండల మధ్య పనికిరాదు.

ఇంకొకటి. సీసాలు, ప్లేట్లు పారేసి వచ్చే ఆ చోటు ఖాళీ అడవి కాదు, కొండరెడ్లనే గిరిజనుల ఊళ్లు. మన్యంలో రోడ్ల వెనక కథ ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు గిరిజనుల చేత అరకొర కూలికి చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడడానికి కారణాల్లో ఆ కోపమూ ఒకటి. అలాంటి చోట అల్లూరి బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని మరీ సీసా పగలగొట్టేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు.

భద్రాచలం అంత కావాలనుకుంటే రాత్రి అక్కడే ఉండేలా రెండు రోజులకు వెళ్లండి. ఒక్కరోజే ఉంటే మూడింటికి వెనక్కి తిరగండి. "ఇంత దూరం వచ్చి గుడిసె చూడకుండా పోతామా" అనే ఆయన ప్రతి బండిలోనూ ఒకరుంటారు. ఆయన్ని మాత్రం డ్రైవర్ పక్క సీట్లో కూర్చోబెట్టకండి.