1948లో బెర్లిన్‌కు గోడ లేదు, గొడవంతా నోటు గురించి

ఇప్పుడే ఓ పోటీ పరీక్షల గ్రూపులో ఒక బిట్ కనబడింది. 1948లో సోవియట్లు బెర్లిన్ గోడ కట్టేసి జనాన్ని మాడుస్తుంటే అమెరికా విమానాల్లోంచి ఆహారం జారవిడిచిందట, ఆ కార్యక్రమం పేరేమిటో చెప్పాలట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. తప్పని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పిల్లలు ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి అద్దె గదుల్లో కూర్చుని చదివేది ఇదా? ఒళ్లు మండిపోతోంది.

గోడ కట్టడం మొదలైంది 1961 ఆగస్టు 13న. యుద్ధం గెలిచాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్లు జర్మనీనీ బెర్లిన్‌నీ నాలుగు భాగాలు చేసి పంచుకున్నారు. తమ మండలం మధ్యలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు సోవియట్లు దారులు మూసేసిన దిగ్బంధనం 1948 జూన్ 24న. మధ్యలో పదమూడేళ్లు. ఇక జారవిడవడమంటారా, సరుకు మోసిన విమానాలు దిగాయి, బస్తాలు దింపాయి, మళ్లీ ఎగిరాయి. పైనుంచి పడింది చాక్లెట్లు, అవీ జేబురుమాళ్లతో చేసిన చిన్న చిన్న పారాచూట్లకు కట్టి పిల్లల కోసం వేసినవి. గెయిల్ హాల్వర్సన్ అనే పైలట్ మొదలుపెట్టాడు. ఆ ఫొటో అందరికీ నచ్చింది, దాంతో బొగ్గు కూడా పైనుంచే పడేశారనుకుంటున్నారు. ఇంకోటి, ఇందులో అమెరికా ఒక్కటే లేదు. బ్రిటన్ విమానాలు మొదటి నుంచీ ఉన్నాయి.

సరే, తేదీలు తప్పితే దిద్దుకోవచ్చు. కడుపు మండేది కారణం దగ్గర. ఏ గైడు తిప్పినా "పెట్టుబడిదారీ, సామ్యవాద సిద్ధాంతాల వైరుధ్యం" అని ఒక్క ముక్క. ఆ వైరుధ్యం 1917 నుంచీ ఉంది. అది ఉండగానే 1941 నుంచి 1945 దాకా అమెరికా, సోవియట్లు కలిసి హిట్లర్‌తో పోరాడారు. మరి సరిగ్గా 1948 జూన్‌లోనే ఎందుకు తెగింది? సిద్ధాంతం ఆ నెలలో కొత్తగా పుట్టలేదు కదా! ఆ నెలలో పుట్టింది ఒక కొత్త నోటు.

నోటు కథ 1944లో మొదలవుతుంది. జర్మనీని ఆక్రమించాక సైన్యాలు వాడుకోవడానికి మార్కు నోట్లు అచ్చువేయాలనుకున్నారు. ఆ అచ్చు ప్లేట్ల నకళ్లను అమెరికా ఆర్థికశాఖ సోవియట్లకు ఇచ్చింది. వాళ్లు ఎన్ని నోట్లు కొడుతున్నారో లెక్క అడిగే ఏర్పాటు మాత్రం లేదు. సోవియట్ నోటుకు సీరియల్ నంబరు ముందు ఒక చిన్న గీత ఉండేది, తేడా అంతే. ఏళ్ల జీతం బకాయిలు ఈ నోట్లలో అందుకున్న ఎర్రసైనికులు వాటితో అమెరికన్ సైనికుల దగ్గర చేతిగడియారాలు కొన్నారు. ఆ సైనికులు వాటిని అధికారిక రేటుకు డాలర్లుగా మార్చుకున్నారు. నష్టం అమెరికా ఖజానాకు. జర్మనీలోనైతే డబ్బుకు విలువే పోయింది. సిగరెట్టే నోటైంది.

అందరూ కలిసి కొత్త నోటు వేద్దామన్నారు. ఎక్కడ వేయాలన్నది తేలలేదు. ప్లేట్లు మళ్లీ సోవియట్ల చేతికి వెళ్లడం అమెరికాకు ఇష్టం లేదు. జర్మనీ డబ్బు మీద పట్టు వదులుకోవడం మాస్కోకు ఇష్టం లేదు, ఎందుకంటే 2 కోట్లకు పైగా జనాన్ని పోగొట్టుకున్న ఆ దేశానికి జర్మనీ నుంచి నష్టపరిహారం రావాలి. ఈలోగా 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ యూరప్‌కు సాయం ప్రకటించాడు. జూలై 2న సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ ఆ సాయం మీద పారిస్ చర్చల నుంచి లేచి వెళ్లిపోయాడు. మొదట ఒప్పుకున్న చెకోస్లోవేకియా చేత కూడా స్టాలిన్ వద్దనిపించాడు. జర్మనీ కోలుకోకుండా యూరప్ కోలుకోదు, నమ్మకమైన నోటు లేకుండా జర్మనీ కోలుకోదు. ఈ లెక్క అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

కొత్త డాయిష్ మార్కులు అమెరికాలో గుట్టుగా అచ్చయి, పెట్టెల్లో ఓడెక్కి, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని పాత రైష్‌బ్యాంకు భవనం చేరాయి. 1948 జూన్ 20, ఆదివారం పశ్చిమ దేశాల చేతిలోని భాగాల్లో పంపకం. తలకు 40 మార్కులు చేతికి, తర్వాత ఇంకో 20. జీతాలు ఒకటికి ఒకటి. బ్యాంకులో దాచుకున్నవాళ్లు మాత్రం మునిగిపోయారు, చివరికి నూరు పాత మార్కులకు దక్కింది ఆరున్నర. కానీ తెల్లారేసరికి అన్నాళ్లూ దాచిపెట్టిన సరుకు దుకాణాల్లోకి వచ్చింది.

పనికిరాని పాత నోట్లన్నీ ఇప్పుడు ఎటు పోతాయి? ఇంకా చెల్లుతున్న చోటికి, అంటే సోవియట్ మండలంలోకి వరదలా పోతాయి. మాస్కో భయం ఇదే, అది ఉత్త భయం కూడా కాదు. జూన్ 23న వాళ్లూ తమ నోటు ప్రకటించి, బెర్లిన్ మొత్తానికీ అదే చెల్లాలన్నారు. కొత్తవి అచ్చువేసే వ్యవధి లేక పాత నోట్ల మీద చిన్న కూపన్లు అంటించారు. మర్నాడు పశ్చిమ బెర్లిన్‌లో "బి" అనే ముద్ర కొట్టిన డాయిష్ మార్కు వచ్చింది. ఒకే ఊళ్లో రెండు నోట్లు. ఆ రోజే "సాంకేతిక ఇబ్బంది" పేరుతో రైళ్లు ఆగాయి, రోడ్డు ఆగింది, పడవలు ఆగాయి, తూర్పు వైపు నుంచి వచ్చే కరెంటు పోయింది. ఊరేమో సోవియట్ మండలానికి నడిమధ్యలో, పశ్చిమ సరిహద్దుకు 160 కిలోమీటర్లకు పైగా లోపల. పశ్చిమ భాగంలో 20 లక్షలకు పైగా జనం. నిల్వలు చూస్తే తిండి 36 రోజులకు, బొగ్గు 45 రోజులకు.

రోడ్డు మీద హక్కుందని గట్టిగా అడగలేకపోయారు, ఎందుకంటే దానికి రాతపూర్వక హామీ లేదు. 1945లో నోటిమాటతో సరిపెట్టుకున్నారు. గాలిలో దారులకు మాత్రం 1945 నవంబరు 30 నాటి కాగితం ఉంది. ఒక్కోటి 20 మైళ్ల వెడల్పుతో మూడు దారులు. ఆ ఒక్క కాగితమే 20 లక్షల మందిని కాపాడింది. రోడ్డు మూసేస్తే మరమ్మతులనొచ్చు. కాగితం మీద ఒప్పుకున్న దారిలో వెళ్లే విమానాన్ని కూలిస్తే అది యుద్ధం. సాయుధ వాహనశ్రేణిని రోడ్డు మీద పంపుదామని జర్మనీలో అమెరికా సైనిక గవర్నరు జనరల్ క్లే అడిగితే వాషింగ్టన్ ఒప్పుకోనిదీ ఇందుకే.

ఇక మోత, అదే బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్. గైడుల్లో "విమానాల ద్వారా సరుకులు అందించెను" అని ముగించే చోటే అసలు విషయమంతా ఉంది. రోజు తిండికి 1,534 టన్నులు కావాలి. అందులో గోధుమలు, పిండి 646, ఎండబెట్టిన బంగాళాదుంప 180, చక్కెర 180, ఎండు కూరలు 144, మాంసం చేపలు 109, ఉప్పు 38, ఈస్ట్ 3. రొట్టెలు కాల్చి ఎందుకు పంపలేదంటే రొట్టెలో మూడో వంతు నీళ్లే. విమానంలో నీళ్లు మోయడం దండగ. దుంపలు ఎండబెట్టిందీ, మాంసంలో ఎముకలు తీసేసిందీ ఆ బరువు కోసమే. దీని పైన బొగ్గు, ఇంధనం. మొత్తం మోతలో మూడింట రెండొంతులు బొగ్గే.

జూన్ 26న మొదలైనప్పుడు ఉన్నవి సి-47 రవాణా విమానాలు, ఒక్కోటి మూడు టన్నుల పైచిలుకు మోసేవి. మొదటి రోజు అమెరికన్లు చేర్చింది 80 టన్నులు. తర్వాత పది టన్నుల సి-54లు తెప్పించారు. బొగ్గును సైన్యం గుడ్డ సంచుల్లో పోసేవాళ్లు. దాని పొడి విమానంలో ప్రతి సందులోకీ దూరి తీగల్నీ కంట్రోల్ కేబుళ్లనీ తినేసింది. సంచులు తడిపినా పూర్తిగా ఆగలేదు. ఉప్పుదీ అదే తంటా, ఒలికితే లోహం తుప్పు పడుతుంది. అందుకని బ్రిటిష్ వాళ్లు నీటి మీద దిగే సండర్‌ల్యాండ్ విమానాల్లో ఉప్పు తెచ్చి హాఫెల్ సరస్సులో దించారు. సముద్రపు నీటిని తట్టుకునేలా కట్టినవి కాబట్టి వాటికి ఉప్పంటే లెక్కలేదు. చలికాలం సరస్సు గడ్డకట్టే దాకా అలా నడిచింది.

ఆగస్టు 13, శుక్రవారం, అంతా తలకిందులైంది. బెర్లిన్ మీద మబ్బు, వాన. ఒక సి-54 రన్‌వే చివర దాటిపోయి మండిపోయింది. వెనక వచ్చినవి దిగలేక ఒకదాని మీద ఒకటి అంతస్తుల్లా చుట్టూ తిరిగాయి. ఆ అంతస్తుల్లో ఈ మోత నడిపిస్తున్న జనరల్ టన్నర్ కూడా ఉన్నాడు. వెంటనే నియమాలు మార్చాడు. ఎండ కాసినా వాన కురిసినా పరికరాల మీదే నడపాలి. మూడేసి నిమిషాల ఎడం. ఉత్తర, దక్షిణ దారుల్లో రావడం, మధ్య దారిలో పోవడం. ఒక్కసారి దిగడం తప్పితే రెండో ప్రయత్నం లేదు, సరుకుతో సహా ఇంటికి. చూడటానికి నష్టంలా కనిపిస్తుంది. కానీ ఒక్కడు గుండ్రంగా తిరిగితే వెనకున్న ఇరవై మంది ఆగిపోతారు. 1949 ఏప్రిల్ 15-16 తేదీల్లో ఇరవై నాలుగు గంటల్లో 12,941 టన్నులు దిగాయంటే దాని వెనక ఉన్నది ఈ నియమమే.

ఇక బెర్లిన్ ఆడవాళ్ల పేరే ఎవరూ ఎత్తరు! టెగెల్‌లో కొత్త విమానాశ్రయాన్ని బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకముక్కలతో వేశారు. దాదాపు 17,000 మంది, ఎక్కువమంది ఆడవాళ్లే, మూడు నెలల్లో కట్టారు. విమానంలో పట్టని మట్టి యంత్రాల్ని ముక్కలుగా కోసి తెచ్చి అక్కడ మళ్లీ వెల్డింగ్ చేశారు. మూడేళ్ల కిందట తమ మీద బాంబులు వేసిన దేశాల విమానాల కోసం వాళ్లు ఇటుకలు మోశారు. ఈ మోతలో 101 మంది చనిపోయారు. వీళ్లందరినీ నాలుగు ఆప్షన్లలో కుక్కేస్తే నాకు బాధగా ఉండదా?

పశ్చిమం కూడా చేతులు కట్టుకు కూర్చోలేదు, పశ్చిమాన ఉన్న రూర్ ప్రాంతపు బొగ్గు, ఉక్కు తూర్పుకు పోకుండా ఆపింది. ఆ ఎదురు దిగ్బంధనం తూర్పును బాగా కుంగదీసింది. 1949 జనవరి చివర స్టాలిన్ ఒక అమెరికన్ విలేఖరి ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల్లో అంతదాకా పట్టుబట్టిన కరెన్సీ ఊసే లేదు. అది పొరపాటా, కావాలనా అని అమెరికా దౌత్యవేత్త జెస్సప్ మెల్లగా సోవియట్ దౌత్యవేత్త మాలిక్‌ను అడిగాడు. కావాలనే. మే 12న దారి తెరుచుకుంది. చూశారా, మొదలైంది నోటుతో, ముగిసింది నోటు మాట వదిలేయడంతో. ఆ ఏడాదే ఏప్రిల్ 4న నాటో, మే 23న పశ్చిమ జర్మనీ, ఆగస్టు 29న సోవియట్ అణుపరీక్ష, అక్టోబరు 7న తూర్పు జర్మనీ.

ఇంతకీ మన తెలుగులో ఈ అమెరికా, సోవియట్ పోరుకు పెట్టిన పేరు చూడండి: ప్రచ్ఛన్న యుద్ధం. ఈ మాట మీద నాకు ఎప్పటి నుంచో కోపం. ప్రచ్ఛన్నమంటే మరుగున ఉన్నది, కనిపించనిది. మూడు నిమిషాలకో విమానం నెత్తిమీద మోగుతుంటే అందులో మరుగేముంది? అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1947 మార్చి 12న గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడిగింది నిండు కాంగ్రెసులో, అంటే వాళ్ల చట్టసభలో. యూరప్‌కు అడ్డంగా ఇనుప తెర పడిందని చర్చిల్ అన్నది అమెరికాలోని ఫుల్టన్‌లో వేదికెక్కి. ఆ పేరు వల్లే మన పిల్లలు దీన్ని గూఢచారుల కథ అనుకుంటున్నారు. శీతల యుద్ధమని రాసేవాళ్లున్నారు, ఆ మాట నిలబడలేదు.

ఆ పేరు వల్లే ఇంకో ఘోరం, ఇదంతా మనకు సంబంధం లేని ఎక్కడిదో గొడవ అనుకోవడం. 1947 సెప్టెంబరులో యూరప్ కమ్యూనిస్టు పార్టీల కూటమి కమిన్‌ఫామ్ పుట్టిన సభలో సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందన్నాడు. 1948 ఫిబ్రవరి, మార్చిల్లో కలకత్తాలో మన కమ్యూనిస్టు పార్టీ మహాసభ నెహ్రూ సర్కారుతో సర్దుకుపోదామన్న పి.సి. జోషి దారి వదిలి, తిరగబడదామన్న రణదివే దారి పట్టింది, ఆ మాటల వెలుగులోనే. తెలంగాణ పోరాటం మాస్కో పుట్టించింది కాదు. వెట్టి, భూమి, దొరల గడీలు పుట్టించినవి, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటికి బెర్లిన్ గొడవే లేదు. కానీ అది ఎలా ఆగిందో చెప్పాలంటే మాస్కో చెప్పక తప్పదు. బెర్లిన్ మీద విమానాలు తిరుగుతున్న 1948 సెప్టెంబరులోనే హైదరాబాదులోకి సైన్యం వచ్చింది. 1951 ఫిబ్రవరిలో స్టాలిన్ ముందు కూర్చున్న నలుగురు భారత కమ్యూనిస్టు నాయకుల్లో ఇద్దరు మన తెలుగువాళ్లు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. మిగతా ఇద్దరు డాంగే, అజయ్ ఘోష్. చైనా గెరిల్లాలకు వెనక మంచూరియా ఉంది, దాని వెనక సోవియట్ దేశం ఉంది, మీకు వెనక ఏముందన్నది అక్కడ తేలిన ప్రశ్న. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు.

బెర్లిన్ ఒక పేపర్లో, తెలంగాణ ఇంకో పేపర్లో. రెండూ చదివే పిల్లవాడికి రెండూ ఒకే కాలంలో, ఒకదాన్నొకటి తాకుతూ జరిగాయని చెప్పే దిక్కు లేదు.

అడ్మిన్ గారూ, ఆ బిట్ తీసేయండి. తీయనంటే "గోడ" కొట్టేసి "కొత్త నోటు" అని రాయండి, "జారవిడిచిన" కొట్టేసి "దింపిన" అని రాయండి, అమెరికా పక్కన బ్రిటన్ చేర్చండి.