“థెరపిస్టు ఎవరైనా పర్లేదు” అంటున్న మెసేజ్ గురించి

వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రుల గ్రూపులు మావి. వాటిలో నిరామయ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం గురించి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఒకరికి చెప్పి ఆపితే ఇంకొకరు పంపుతున్నారు. “నిరామయలో పిల్లల థెరపీకి ఏటా లక్ష ఇస్తారు. వైకల్యం ఏదైనా సరే. ముందు మెడికల్ టెస్టులు చేయించాలి. థెరపిస్టు ఎవరైనా పర్లేదు, ఆర్‌సీఐ నంబరు ఉత్త కాగితం, మూడు నెలల కోర్సు చేసినవాళ్లు చాలు.” (ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇలాంటి నిపుణులను రిజిస్టరు చేసే కేంద్ర సంస్థ.)

పథకంలో చేరడానికి టెస్టులు అక్కర్లేదు. వైకల్యం ఏదైనా కాదు: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగే. పథకం నడిపేది 1999 చట్టంతో వచ్చిన నేషనల్ ట్రస్ట్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలను ఇందులో కలపకండి.

లక్ష అనేది ఆసుపత్రి, మందులు, థెరపీ అన్నీ కలిపిన బీమా. థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంది. అదీ ముందు మనం కట్టి, బిల్లులు పెట్టి తెచ్చుకోవాలి.

ఇక ఆ “ఎవరైనా పర్లేదు”. పన్ను పీకించడానికైనా మూడు నెలల కోర్సువాడి దగ్గరికి వెళ్తామా? స్పీచ్ థెరపీ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఎందుకు అన్నేళ్లు? సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు మింగడం కష్టమైతే, ఎలా కూర్చోబెట్టి తినిపించాలో తెలియనివాళ్ల చేతిలో ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. వినికిడి పరీక్ష చేయించకుండానే మాటలు నేర్పిస్తూ కూర్చుంటే, అసలు వినపడని బిడ్డకు విలువైన ఏళ్లు పోతాయి. స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఆర్‌సీఐ రిజిస్టరులో ఉండాలని 1992 నాటి ఆర్‌సీఐ చట్టం చెబుతోంది. లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఉత్త కాగితానికి జైలు పెడతారా? మన బిడ్డను ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకోవడానికి మన దగ్గరున్న ఆధారమే అది. దాన్నే పారేయమంటున్నారు!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ రిజిస్టరులోకి రారు. దేశమంతటికీ వర్తించే చట్టం వాళ్లకు 2021లో గానీ రాలేదు. అంత ఆలస్యం చేసింది ప్రభుత్వమే, తల్లిదండ్రులు కాదు. మండలాల్లో చదువుకున్న థెరపిస్టు దొరక్కే చాలామంది దొరికినవాళ్లతో సర్దుకుంటున్నారు. ఆ కోపం న్యాయమే. కానీ దాంతో అడగాల్సింది ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో, పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రాల్లో (డీఈఐసీలు) పూర్తి స్థాయి థెరపిస్టులను.

ఈసారి సెంటరుకు వెళ్లినప్పుడు స్పీచ్ థెరపిస్టు సీఆర్‌ఆర్ నంబరు (ఆర్‌సీఐ రిజిస్టరులోని నంబరు) అడిగి, ఆర్‌సీఐ వెబ్‌సైటులో చూసుకోండి. ఫిజియో అయితే డిగ్రీ చూపించమనండి. అడిగినందుకు విసుక్కునే చోట బిడ్డను వదలకండి.