టిక్కీలను తీసివేయవచ్చు, రకాలను కాదు

గుంటూరు ఇంజనీరింగ్ విద్యార్థుల ఫోన్లలో ఒక చిట్కా తెగ తిరుగుతోంది. అర్రేలో, అంటే వరసగా పేర్చిన విలువల జాబితాలో, ఒక ముక్క చూపించి అందులో వేర్వేరు విలువలు ఎన్నని అడిగితే మూడు దారులున్నాయట. కుడి అంచు దాకా ఉన్న రకాల సంఖ్యలోంచి ఎడమ అంచుకు ముందున్న రకాల సంఖ్య తీసేయాలి. లేదా వరసను సగాలుగా చీలుస్తూ ఒక్కో భాగం జవాబు దాచుకునే సెగ్మెంట్ ట్రీలో రెండు సగాల జవాబులు కూడాలి. అదీ రాకపోతే ప్రతి ప్రశ్నకూ ఒక సెట్ (ఒక్కో విలువనూ ఒక్కసారే ఉంచుకునే సంచి లాంటిది) వేసుకోవాలి, ‘ఇప్పటి కంప్యూటర్లకు అదొక లెక్కా’ అట.

మిర్చి యార్డులో ఆరు టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా ఉన్నాయనుకోండి: తేజ, ఆర్మూర్, తేజ, బాడిగ, ఆర్మూర్, తేజ. మూడో దాని నుంచి ఐదో దాని దాకా మూడు రకాలు. చిట్కా లెక్కలో ఐదో టిక్కీ దాకా మూడు, రెండో టిక్కీ దాకా రెండు, తీసివేస్తే ఒకటి! తీసివేత టిక్కీల సంఖ్యకు, బరువుకు, ‘తేజ ఎన్ని’ అన్న ప్రశ్నకు కూడా చెల్లుతుంది. రకాలకు చెల్లదు. ముందు భాగంలో ఉందని కొట్టేసిన తేజ మనం అడిగిన ముక్కలోనూ ఉంది మరి.

సెగ్మెంట్ ట్రీ మాటకూ ఇదే జబ్బు. మొదటి సగంలో రెండు రకాలు, రెండో సగంలో మూడు, కూడితే ఐదు. ఉన్నవి మూడే.

సెట్ జవాబు మాత్రం సరైనదే. వంద విలువలైతే నేనూ అదే రాస్తాను. కానీ 2 లక్షల విలువలు, 2 లక్షల ప్రశ్నలు ఉంటే పని 4,000 కోట్ల అడుగుల దాకా పోవచ్చు. సెకనుకు 10 కోట్ల చొప్పున వేసుకున్నా ఆరు నిమిషాలు దాటుతుంది. ప్రోగ్రామింగ్ పోటీలో ఇచ్చేది సెకన్లే.

ఇంతకీ దారి ఏమిటంటే, ప్రశ్నలను కుడి అంచు వరసలో పేర్చి, ఎడమ నుంచి నడుస్తూ ప్రతి రకానికీ చివరిసారి కనిపించిన చోటే ఒక సుద్దగీత ఉంచడం. మూడో టిక్కీ దగ్గరికి రాగానే తేజ గీత ఒకటి నుంచి మూడుకు జరుగుతుంది. ఐదో టిక్కీ దగ్గర ఆర్మూర్ గీత రెండు నుంచి ఐదుకు. ఇప్పుడు గీతలు 3, 4, 5 మీద ఉన్నాయి. ఐదుతో ముగిసే ఏ ముక్కకైనా లోపలి గీతలు లెక్కపెడితే చాలు: మూడు నుంచైతే మూడు, నాలుగు నుంచైతే రెండు. గీతలు మార్చడానికీ లెక్కించడానికీ పీటర్ ఫెన్విక్ 1994లో ప్రచురించిన ట్రీ సరిపోతుంది; ఒక చోట విలువ మార్చినా, ఒక చోటు దాకా మొత్తం అడిగినా అది కొద్ది అడుగుల్లోనే తేలుస్తుంది. ఇందాకటి 4,000 కోట్లు ఒక కోటికి అటూ ఇటూగా దిగుతాయి. ప్రశ్నలు ముందే చేతికి రాకపోతే మాత్రం ప్రతి అడుగులోని గీతల స్థితినీ దాచుకునే పర్సిస్టెంట్ సెగ్మెంట్ ట్రీ కావాలి. దానికి మెమరీ కాస్త ఎక్కువ పడుతుంది.