లేని విమానాలు, ఉన్న పరీక్ష

గత నాలుగు నెలలుగా నేను శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చే విమానాలను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కటిగా రన్‌వేకు అప్పగించే అధికారం కోసం చదువుతున్నాను. ఆ విమానాలు లేవు. ఆ అధికారమూ లేదు. పరీక్ష మాత్రం ఉంది, అది చాలా కష్టంగా ఉంది. 'ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెతను మా బావమరిది ఈ సందర్భంలో ఇప్పటికి రెండుసార్లు వాడాడు. ఆ సామెత ఇక్కడ పొసగదని అతనికి ఓపికగా వివరించాను. సోమలింగం పేరు పెట్టడానికి ఆ తండ్రిని ఎవరూ రాత పరీక్ష రాయమనలేదు, ప్రాక్టికల్‌కు అసలే పిలవలేదు.

తెలియనివారి కోసం విషయం చెప్పాలి. ఇంట్లో కంప్యూటరు మీద మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ లేదా ఎక్స్-ప్లేన్ వంటి ప్రోగ్రాముతో విమానం నడిపేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారందరినీ ఒకే ఆకాశంలోకి చేర్చే పెద్ద నెట్‌వర్కులు రెండు, 1998లో మొదలైన ఐవీఏఓ, 2001లో మొదలైన వాట్సిమ్. పైలట్లు ఉన్నాక వారిని అదుపు చేసేవారూ ఉండాలి గనుక, రాడార్ తెరను పోలిన ఒక తెర ముందు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునే స్వచ్ఛంద కంట్రోలర్లు పుట్టుకొచ్చారు. కంట్రోలర్లు పుట్టగానే హోదాలు పుట్టాయి, హోదాలు పుట్టగానే పరీక్షలు పుట్టాయి. నేను కోరుకుంటున్న హోదాను ఐవీఏఓలో ఏపీసీ అనీ, వాట్సిమ్‌లో ఎస్3 అనీ అంటారు. టవర్‌లో కూర్చునేవాడు రన్‌వేను చూసుకుంటాడు, ఏరియా కంట్రోలర్ దూరపు దారులను చూసుకుంటాడు. ఆ ఇద్దరికీ మధ్య, నాలుగు దిక్కుల నుంచి వచ్చే విమానాలను కిందికి దించుతూ, వేగం తగ్గిస్తూ, అన్నింటినీ ఒకే దారానికి గుచ్చేవాడు అప్రోచ్ కంట్రోలర్. మల్లెపూలు గుచ్చడం వంటిదే ఈ పని, కాకపోతే 180 నాట్ల వేగంతో వస్తున్న పువ్వు నిమిషానికి 3 నాటికల్ మైళ్లు జరిగిపోతూ ఉంటుంది.

ఈ మాట మా చిన్నాన్నకు చెప్పినప్పుడు ఆయన మొత్తం విని, "ఎంత ఇస్తార్రా?" అన్నారు.

"ఏమీ ఇవ్వరు చిన్నాన్నా."

"మరి పాసైతే?"

"పాసైతే ఎక్కువ విమానాలు ఇస్తారు."

అసలైన ఉద్యోగం సంగతి వేరు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జూనియర్ ఎగ్జిక్యూటివ్ పేరుతో కంట్రోలర్లను తీసుకుంటుంది. ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన బీఎస్సీ డిగ్రీ గానీ ఇంజినీరింగ్ గానీ ఉండాలి, జనరల్ కేటగిరీ వారికి వయసు 27 దాటకూడదు, ఎంపికయ్యాక ప్రయాగ్‌రాజ్ వంటి చోట్ల శిక్షణ పొందాలి. వారికి జీతం ఉంటుంది, సెలవులు ఉంటాయి, వరుసగా ఎన్ని గంటలు కూర్చోవచ్చునో చెప్పే నియమాలు ఉంటాయి. నేను ఆ వయోపరిమితి దాటి 16 ఏళ్లయింది. నా డ్యూటీ గంటల మీద పరిమితి మాత్రం ఉంది. రాత్రి 9 నుంచి 11 వరకు అని మా ఇంటావిడ విధించింది.

ఇంత కఠినమైన పరీక్ష లేని విమానాలకు ఎందుకని నవ్వేవారికి ఒక లోకరీతిని గుర్తుచేయదలిచాను. ఇరవై రెండేళ్ల క్రితం నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. స్కూటరుతో ఎనిమిది అంకె వేయమన్నారు. నేను వేసినది ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఏదో ఒక అంకె. కాలు రెండుసార్లు నేలకు ఆనింది. పరీక్షించవలసిన పెద్దమనిషి అప్పుడు ఫోనులో ఉన్నాడు, ఏజెంటు అతని వైపు చూసి తల ఆడించాడు, అతను నా వైపు చూడకుండా తల ఆడించాడు. ఆ 4 నిమిషాలతో, బడి వదిలే వేళ, నిజమైన పిల్లల మధ్య, నిజమైన బండి నడిపే హక్కు నాకు సంక్రమించింది. అదే నేను నా భోజనాల బల్ల మీద, ఎవరి వెంట్రుకా కదలని ఆకాశంలో, రెండు చుక్కలను పక్కపక్కన పోనివ్వాలంటే నెలల తరబడి చదవాలి. ప్రమాదం ఎంత తగ్గితే పరీక్ష అంత గట్టిపడాలన్న ఈ సూత్రాన్ని మన సమాజం చాలాకాలంగా పాటిస్తున్నదే గనుక, ఆ నెట్‌వర్కులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

పైగా ఈ ఆకాశపు భౌతికశాస్త్రాన్ని తెలుసుకుంటే ఆ నిష్ఠకు ఎవరైనా చేతులు జోడించవలసిందే. ఇక్కడ రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే సాధారణంగా ఒకదానిలోంచి ఒకటి పొగలాగా దూరి, దేని దారిన అది పోతుంది. అయినా వాటి మధ్య అడ్డంగా 3 నాటికల్ మైళ్లు గానీ నిలువుగా 1000 అడుగులు గానీ తగ్గితే నేను ఫెయిల్. పెద్ద విమానం రెక్కల చివరల నుంచి లేచే సుడిగాలి వెనుక వచ్చేదాన్ని తిప్పి పడేయగలదు గనుక, నిజమైన ఆకాశంలో హెవీ తరగతి విమానం వెనుక మీడియంకు 5 మైళ్లు, లైట్‌కు 6 మైళ్లు వదలాలి. మా ఆకాశంలో ఒకరి రెక్క కింది సుడిగాలి మామూలుగా మరొకరి కంప్యూటరుకు చేరనే చేరదు. ఆ రాని గాలి కోసం కూడా నేను 5 మైళ్లు వదులుతాను. మా అపార్టుమెంటు పార్కింగులో పక్కింటి కారుకు 5 అంగుళాలు వదలనివాణ్ని వదులుతున్నానంటే ఆ పరీక్ష మహిమ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

నియమావళిలో నాకు అన్నింటికంటే నచ్చినది అత్యవసర పరిస్థితుల అధ్యాయం. ఇంజిన్ ఆగిపోయిందనో మంటలు లేచాయనో పైలట్ ప్రకటించుకోవచ్చు, రాడార్ తెర మీద అత్యవసరమని చూపే 7700 అంకె పెట్టుకోవచ్చు. కానీ వాట్సిమ్ నియమం ప్రకారం, కంట్రోలర్ ఆ అత్యవసరాన్ని విరమించుకోమంటే పైలట్ తక్షణం విరమించుకోవాలి, లేదా నెట్‌వర్కు నుంచి తప్పుకోవాలి. అంటే, "అయ్యా, నాకు పని ఎక్కువగా ఉంది, దయచేసి మీ ఇంజిన్ మంటలు ఆర్పుకోండి" అని నేను అంటే అవి ఆరిపోవలసిందే. మన కార్యాలయాలలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో అమలులో ఉన్నా, దాన్ని ఇంత నిజాయితీగా కాగితం మీద పెట్టినవారిని నేను వేరే ఎక్కడా చూడలేదు.

చదువు విషయానికి వస్తే, మొదటి గండం భాష. రేడియోలో త్రీ అనకూడదు, ట్రీ అనాలి. ఫైవ్‌ను ఫైఫ్ అనీ, నైన్‌ను నైనర్ అనీ పలకాలి, గరగరల మధ్య ఫైవ్, నైన్ ఒకేలా వినబడే ప్రమాదం ఉంది గనుక. రెండు నెలలు పట్టి నాలుకను ఇలా తిప్పుకున్నాక గ్యాస్ సిలిండరు తెచ్చిన కుర్రవాడు ఓటీపీ అడిగితే, "సిక్స్ నైనర్ ట్రీ ఫైఫ్" అన్నాను. అతను సిలిండరు దించకుండా నన్ను ఎగాదిగా చూసి, "సార్, తెలుగులో చెప్పండి" అన్నాడు. చెప్పాను. అతను నొక్కుకున్నాడు. అయినా నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను, ఎందుకంటే అతను ఆ అంకెలను నాకు తిరిగి చదివి వినిపించలేదు. రీడ్‌బ్యాక్ లేని ఆదేశం ఇచ్చినట్టే లెక్క కాదని పుస్తకం చెబుతుంది.

ఈ రీడ్‌బ్యాక్ వల్ల మా సంసారానికి జరిగిన మేలును మాత్రం దాచను. "వచ్చేటప్పుడు అర కిలో మినపగుళ్లు, కరివేపాకు, రేపటికి పెరుగు" అని మా ఇంటావిడ చెబితే, ఇదివరకు నేను ఊఁ కొట్టి వెళ్లి మినపగుళ్లు మరిచి వచ్చేవాణ్ని. ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అర కిలో మినపగుళ్లు, కరివేపాకు, రేపటికి పెరుగు" అని తిరిగి చెబుతున్నాను. మొదటి రోజు వెక్కిరిస్తున్నాననుకుంది. వారం తిరిగేసరికి, నేను చెప్పకుండా చెప్పులు వేసుకుంటే వెనక్కి పిలవడం మొదలుపెట్టింది.

రెండో గండం హోల్డింగ్. రన్‌వే ఖాళీ లేనప్పుడు విమానాలను ఒక బిందువు మీద పరుగుపందెపు బాటలా చుట్లు కొట్టిస్తారు. మామూలుగా కుడివైపు తిరగాలి, బిందువు నుంచి దూరంగా పోయే దారి 14,000 అడుగుల వరకు ఒక నిమిషం, ఆపైన నిమిషంన్నర. వచ్చే దిక్కును బట్టి ఆ చుట్టులోకి నేరుగా దూరాలా, సమాంతరంగా పోయి తిరగాలా, పక్కకు ఓరగా పోయి రావాలా అన్నది తేల్చుకోవాలి. కాగితం మీద ఎన్ని గీసినా ఇది నా బుర్రకు ఎక్కలేదు. అందుకని మా సెల్లారులో ఒక స్తంభాన్ని బిందువు అనుకుని, రాత్రి భోజనమయ్యాక, వాచీ చూసుకుంటూ నడవసాగాను. స్తంభం దగ్గరికి వచ్చి, కుడికి తిరిగి, ఒక నిమిషం వెళ్లి, మళ్లీ కుడికి తిరిగి రావడం. వాచ్‌మన్ వచ్చి, "ఏమన్నా పోయిందా సార్?" అన్నాడు. లేదన్నాను. మర్నాడు అదే వేళకు, ఈసారి జనరేటరు వైపు నుంచి ప్రవేశిస్తూ ఉండగా టార్చిలైటుతో వచ్చి, "ఇంకా దొరకలేదా సార్?" అన్నాడు. సమాంతర ప్రవేశం గురించి అతనికి చెప్పడం కన్నా ఇద్దరం కలిసి కాసేపు వెతకడమే సులువనిపించింది.

ఇంత చదివినవాడికి అభ్యాసం కోసం విమానాలు కావాలి. మామూలు రోజుల్లో మన ఆకాశంలో అవి ఉండవు. బేగంపేట, హకీంపేట, దుండిగల్‌ల మధ్య గగనతలం ఎవరిది ఎక్కడివరకో బట్టీపట్టి, వాతావరణ సూచన రాసుకుని, ఒక్కో విమానం వివరాలు రాసుకునే కాగితపు స్ట్రిప్పులు కత్తిరించుకుని కూర్చుంటే, 2 గంటలలో ఒకే ఒక్కడు వస్తాడు. అతనికి నేను స్వాగతం పలికి హెడింగ్, అంటే ముక్కు ఏ దిక్కుకు పెట్టాలో డిగ్రీలలో, ఇస్తే జవాబు రాదు. మళ్లీ పిలుస్తాను. 10 నిమిషాల తరువాత నోరు నిండా ఏదో నములుతూ, "సారీ సర్, డిన్నర్" అంటాడు. ఆటోపైలట్ మీద వదిలేసిన ఆ విమానం అప్పటికి శంషాబాద్ దాటి శ్రీశైలం వైపు సాగిపోయి ఉంటుంది. అందులోని 180 మంది ప్రయాణికులు ఉంటే ఏమనుకునేవారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రాత పరీక్ష గట్టెక్కింది. ప్రాక్టికల్ రోజున ఎగ్జామినరుగా వచ్చినవాడు ఐరోపాలో ఎక్కడో కాలేజీలో చదువుకుంటున్న 19 ఏళ్ల అబ్బాయి. నేను అతన్ని సర్ అన్నాను, అతను నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఆ వారమే ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు, అల్లుడుగారు ఇంట్లో కూర్చుని విమానాలు దింపుతారని పక్క ఫ్లాటువాళ్లకు అప్పటికే చెప్పి ఉన్నారు. అవి నిజం విమానాలు కావని ఆవిడకు చెప్పే బాధ్యతను నేను మా ఇంటావిడ మీద, ఆవిడ నా మీద వదిలేశాం. పరీక్ష అని తెలిసి దేవుడి దగ్గర దీపం వెలిగించి, అందరి అన్నాలూ ఆపి, కుక్కరు కూత పెట్టకుండా చూస్తూ వంటింటి గుమ్మంలో కూర్చున్నారు.

గాలి తూర్పు నుంచి ఉంది కాబట్టి రన్‌వే జీరో నైనర్ రైట్, అంటే తూర్పు ముఖంగా దిగేవాటిలో కుడివైపుది. ఉత్తరం నుంచి రెండు విమానాలు, రెండూ 5000 అడుగుల మీద, 180 నాట్లతో. మొదటిదాన్ని పడమరకు నడిపించి, ఎడమకు తిప్పి దక్షిణంగా 180 హెడింగ్ మీద పెట్టాను. రెండోది 6 మైళ్ల వెనుక. ఇక మొదటిదాన్ని మరో 60 డిగ్రీలు ఎడమకు తిప్పి 120 మీద పెడితే లోకలైజరును, అంటే రన్‌వేకు తిన్నగా దారి చూపే రేడియో గీతను, సరిగ్గా 30 డిగ్రీల కోణంలో అందుకుంటుంది. సెల్లారులో నెల రోజులుగా కుడికి, కుడికి, కుడికి తిరిగిన ప్రాణం గదా. నా నోటి నుంచి, స్పష్టమైన ఉచ్చారణతో, "టర్న్ రైట్ హెడింగ్ వన్ టూ జీరో" అని వచ్చింది.

పైలట్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చదివాడు. నేను అక్షరం పొల్లుపోకుండా విని, మనసులో మెచ్చుకున్నాను. 180 నుంచి కుడిచేతి వైపుగా 120కి చేరాలంటే 300 డిగ్రీలు తిరగాలి. సెకనుకు 3 డిగ్రీల చొప్పున అది 100 సెకన్ల పని. విమానం పడమరకు తిరిగింది, ఉత్తరానికి తిరిగింది, వెనుక వస్తున్నదాని ముక్కు మీదికి తిరిగింది. నాకు విషయం అర్థమై ఎత్తు మార్చబోయేసరికి తెర మీద రెండు చుక్కలూ ఎర్రబడ్డాయి, దూరం 2.1 మైళ్లు. కాసేపటికి ఆ రెండూ ఒకదానిలోంచి ఒకటి దూరి, ఏమీ ఎరగనట్టు అవతలికి పోయాయి కూడా. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా పరీక్ష ముగిసిందని చెప్పి, నా ఉచ్చారణ బాగుందని మెచ్చుకుని, మళ్లీ ఎప్పుడు రావచ్చునో చెప్పాడు.

హెడ్‌సెట్ తీసి లేచేసరికి అత్తగారు గోడ వారగా నిలబడి ఉన్నారు. నా ముఖం చూసి పరీక్ష సంగతి అడగలేదు.

"అల్లుడుగారూ, ఆ చుట్టు తిరిగింది దిగిందాండీ?" అన్నారు.

తెర వైపు చూశాను. ముగిసిందన్న మాట వినగానే ఆ ఇద్దరు పైలట్లూ 5000 అడుగుల మీదే కంప్యూటర్లు కట్టేసి వెళ్లిపోయారు. శంషాబాద్ చుట్టూ ఒక్క చుక్క లేదు.

"దిగిందండీ," అన్నాను.

ఆవిడ లోపలికి తిరిగి, "అమ్మాయీ, దిగిందట, అన్నాలు వడ్డించు" అన్నారు.